హిమానీదర్శనము: ప్రవరుని పాదలేపము

హిమాలయయాత్రలను గుఱించిన గ్రంథములు తెలుగున నానాటికి హెచ్చుచున్నవి. వానిలో పెక్కింట ‘హిమానీనదమును చూచితిమి’ అను వాక్యము తప్పక కానవచ్చును. చూచుట యనగా నేమి? లోయ కావలిగట్టున నిలిచి చూచిరా, దాని కొనను తాకిరా, దానిపై నడచిరా, దాని కడుపున జొచ్చి వచ్చిరా? ఇన్నింటికిని ఒక్క క్రియాపదమునే వాడి గ్రంథకర్తలు ముందునకు సాగుచున్నారు. విమర్శకులును వారి భక్తిని, శైలిని మెచ్చుకొని యూరకున్నారు. యాత్రాగ్రంథమునకు ఇదియే ప్రాణమైన ప్రశ్న యని నా తలంపు. కావున ముందు శబ్దమును, పిదప మన కవులు మంచును దర్శించిన తీరును విచారించి, వానిని నేటి యాత్రికులు పోవు మార్గములతో సరిచూచెదను.

హిమశబ్దమునకును హిమానీశబ్దమునకును గల భేదము శబ్దశాస్త్రమున స్పష్టము. పాణిని నాలుగవ యధ్యాయము మొదటి పాదమున (4-1-49) ఇంద్ర, వరుణ మొదలగు పండ్రెండు శబ్దములకు స్త్రీత్వమున ఙీష్ ప్రత్యయమును, దానితోడ ఆనుగాగమమును విధించెను. ఇంద్రుని భార్య ఇంద్రాణి, భవుని భార్య భవాని. ఆ పట్టికలోనే హిమము, అరణ్యము అను రెండు శబ్దములును చేరియున్నవి. మంచునకు భార్య యెక్కడిది? కావున వార్తికకారుడు ఈ రెంటికిని మహత్త్వము తోచినపుడే ఆ రూపము వచ్చునని నియమము చేసెను. మహారణ్యము అరణ్యాని, మహాహిమము హిమాని. (ఆ పట్టికలోనిదే యవనశబ్దము. యవనుల లిపికి యవనాని యని పేరు వచ్చుటయు నిందుచేతనే. చరిత్రకారులకు ప్రియమైన యా విషయము మనకిప్పు డప్రస్తుతము.)

కావున రేపటి యెండకు కరగిపోవు తెల్లనిపొర హిమాని కాదు. ఏండ్ల తరబడి పేరుకొని, పై మంచు బరువునకు క్రింది మంచు నలిగి, అందలి గాలి చాలవఱకు వెడలిపోయి, గడ్డకట్టి, తన బరువుచేతనే పల్లమునకు మెల్లగా సాగునది హిమాని. పాశ్చాత్యులు గ్లేసియరునకు చెప్పు లక్షణమునకు మూలమును మహత్త్వమే. తగిన మందము లేనిచో అది కదలదు. కదలనిదానికి ఆ పేరు చెల్లదు. వార్తికకారుడు గంగోత్రికి పోయెనో లేదో గాని, ఆయన మాట మాత్రము అచ్చట నిలుచును.

మన భూగోళపుస్తకములలోని హిమానీనదశబ్దమును మంచి కల్పనయే. అయితే దానిని ‘హిమానియే నదము’ అని కర్మధారయముగా గ్రహింపవలెను గాని, ‘హిమానియొక్క నదము’ అని షష్ఠీతత్పురుషముగా చెప్పరాదు. షష్ఠి చెప్పినచో హిమానినుండి పుట్టిన యేఱు, అనగా భాగీరథియే, యర్థమగును. పాఠశాలలలో ఈ విగ్రహవాక్యమును తారుమారు చేసి చెప్పుటచేతనే పిల్లలు మంచుగడ్డను, మంచునీటిని ఒక్కటిగా నెంచుచున్నారు. గఢవాలు కొండవారు దీనిని బామక్ అందురు. కుమావూ వారు గల్ అందురు. ప్రక్కనే కాపురముండు వారికి సమాసములతో పనిలేకపోయినది.

ఇక దర్శనవిషయము. అధికరణము మూడు విధములని వైయాకరణులు చెప్పుదురు. చాపమీద కూర్చుండువానికి చాపతోడి సంబంధము ఔపశ్లేషికము. ఒక్క భాగమున తాకుట చాలును. మోక్షమునం దిచ్ఛ యన్నచోట మోక్షము తాకబడునది కాదు. మనసునకు విషయము మాత్రమే. అది వైషయికము. నువ్వులయందు నూనె యన్నపుడు నూనె నువ్వుగింజ నంతటిని వ్యాపించియుండును. అది అభివ్యాపకము. యాత్రికుడు హిమానితో పొందు సామీప్యమును ఈ మూడు తెఱగులనే విభజింపవచ్చును. దూరపు గట్టునుండి కన్నులకు విషయము చేసికొనుట మొదటిది. కాలు మోపి నడచుట రెండవది. చుట్టును, పైని, క్రిందను మంచే యుండునట్లు దాని లోపల నిలుచుట మూడవది. ఇక, దూరమునుండి చూచి ‘హిమానియందుంటిమి’ అని వ్రాయువారు ‘గంగయందు గొల్లపల్లె’ అను ఆలంకారికుల యుదాహరణమును జ్ఞప్తికి తెచ్చుచున్నారు. పల్లె యుండునది గట్టుమీద. గంగయొక్క చల్లదనమును, పావనత్వమును పల్లెకు తెచ్చుటకై గంగయనుట. లక్షణ దోషము కాదు. కాని గ్రంథమంతయు లక్షణయే యయినచో చదువరికి చలి తగులదు.

మన దేశమున హిమానిని దగ్గఱగా చూడగోరు సామాన్యయాత్రికునకు గోముఖము ప్రసిద్ధమైన చోటు. గంగోత్రి యాలయము సుమారు 3,100 మీటర్ల యెత్తున నున్నది. అక్షయతృతీయకు తెఱచి దీపావళికి మూయుదురు. అచ్చటినుండి చీర్‌బాసా, భోజ్‌బాసాల మీదుగా గోముఖమునకు సుమారు 18 కిలోమీటర్ల కాలిదారి. చీర్‌బాసా యనగా దేవదారుజాతి చెట్ల యిరవు, భోజ్‌బాసా యనగా భూర్జవృక్షముల యిరవు. ఆ భూర్జములు వంటచెఱకునకై చాలవఱకు నరకబడినవి. పేరు మాత్రము మిగిలినది. ఇపుడు దినమునకు 150 మందికి మించి గోముఖమునకు పోనీయరు. అనుజ్ఞాపత్రము పొందవలెను. గోముఖమునకు ఆవల తపోవనమునకు పోవువారు హిమానిని అడ్డముగా దాటవలెను. అప్పుడు గాని ఔపశ్లేషికము సిద్ధింపదు.

ఇచ్చట యాత్రికునకు మొదటి దెబ్బ వన్నెచేత తగులును. కవిసమయమున కీర్తి తెల్లన, నవ్వు తెల్లన, హిమవంతము తెల్లన. కాళిదాసు మేఘసందేశమున కైలాసమును త్ర్యంబకుని అట్టహాసము ప్రోవుపడినట్లు భావించెను. ఆ సంస్కారముతో పోయినవానికి గోముఖమున కనబడునది బూడిదవన్నె రాళ్ళదిబ్బ. గంగోత్రి హిమాని సుమారు 30 కిలోమీటర్ల పొడవు సాగి, ఇరుప్రక్కల కొండలనుండి రాలిన రాళ్ళను, మట్టిని మోసికొనివచ్చుచున్నందున, దాని క్రిందిభాగపు వీపు మీద మంచు కనబడుట యరుదు. విఱిగిన చోట మాత్రము లోపలి గడ్డ నీలముగా మెఱయును. వెలుతురులోని యెఱుపును గడ్డ త్రాగివేయుటచేత మిగిలిన నీలిమ మనకు కానవచ్చును. నేడు వచ్చుచున్న యాత్రాగ్రంథములలో ఎన్నిటిలో ఈ బూడిదవన్నె యున్నది? గోముఖముదాక పోయినవారును గోముఖమును వర్ణింపక కైలాసమును వర్ణించుచున్నారు. ఇది కవిసమయపు తప్పు కాదు. కన్ను చూచినదానిని కలము నమ్మకపోవుట.

దీనికి ప్రత్యుదాహరణమొకటి కలదు. 1817లో హాడ్జసను అను సర్వేయధికారి గోముఖముదాక పోయి, భాగీరథి వెలువడు మంచుగోడను కొలిచి వ్రాసెను. ఆ బిలము మీది యంచునుండి పెద్ద మంచుకడ్డీలు వ్రేలాడుచుండెనట. ఆయనవెంట వచ్చిన గంగోత్రి బ్రాహ్మణుడు, శాస్త్రములు చదివినవాడు కాదు, ఆ కడ్డీలను చూచి మహాదేవుని జటలు ఇవియే కావలెనని యనెనట. గంగావతరణమును వ్రాసిన కవు లెందఱో జటాజూటమును వర్ణించిరి. పురాణము చెప్పిన జడలకును, కన్నులయెదుట నీరుకారుచున్న కడ్డీలకును పొత్తు కుదిర్చినవాడు మాత్రము ఆ కొండబ్రాహ్మణుడు. ఉపమ దగ్గఱినుండి పుట్టినది గనుకనే ఒక సర్వేదారు దానిని తన లెక్కల నడుమ దాచుకొనెను.

కాళిదాసునకు దూరదృష్టి మాత్రమే కలదని చెప్పుట యన్యాయము. కుమారసంభవము మొదటి సర్గమున కిన్నరస్త్రీలు మంచుదారిని నడచు శ్లోకమొకటి యున్నది. మంచు రాయియై వారి కాలివ్రేళ్ళను, మడమలను నొప్పించుచున్నను, శరీరభారముచేత వారు తమ మందగమనమును విడువరట. విమర్శకులు రెండవసగము నందలి శృంగారమును పట్టుకొని మురియుదురు. నాకు మొదటిసగము ముఖ్యము. అచ్చట మంచునకు కవి వేసిన విశేషణము శిలీభూతము. ఇది చ్విప్రత్యయాంతము. ముందు అట్లు కానిది అట్లగుట, అనగా అభూతతద్భావము, ఈ ప్రత్యయమున కర్థమని ఐదవ యధ్యాయమున చెప్పబడినది. ‘రాయివంటి మంచు’ అని కవి యనలేదు. అది ఉపమ యగును. ‘రాయి కానిది రాయియైన మంచు’ అనెను. మెత్తని మంచు గట్టిగడ్డగా పరిణమించు క్రియ యంతయు ఆ యీకారమున నున్నది. మఱియు ఆ మాట కంటిచేత తెలిసినది కాదు, వట్టి మడమచేత తెలిసినది. ఒక పర్వతమును భూమికి మానదండమని దవ్వులనుండి చెప్పిన కవియే, అదే సర్గమున దానిని మడమతో తాకి చెప్పెను.

ఇక మన పెద్దనార్యుడు. తెలుగు కావ్యములలో మంచుకొండకు పోయిన యాత్రికు డనగా మనకు వెంటనే స్ఫురించువాడు ప్రవరుడు. అరుణాస్పదపురమున నిత్యాగ్నిహోత్రియై యుండి, సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని, క్షణములో హిమాలయమును చేరెను. ఈ కథ మార్కండేయపురాణములోనిది. మారన దానిని పెద్దనకు ముందే తెనిగించెను. పాదలేపమును గుఱించి ఆధునికవిమర్శకులు రెండు మాట లందురు. అది అద్భుతమాత్రమని యొకటి, వరూధినిని చూపుటకు కవి వేసిన ఎత్తు మాత్రమని యొకటి. ఈ రెండును నాకు చాలవు. లేపము పూసినది కాలికి. అది పోయినది మంచునీటిచేత. ప్రవరుడు ఆ లేపమును ఏ యేటిలోనో కాళ్ళు కడుగుకొని పోగొట్టుకొనవచ్చును, ఏ మునిశాపముచేతనో పోగొట్టుకొనవచ్చును. కథ అట్లు చేయలేదు. చూడవచ్చినది యేదో అదియే, చూడవచ్చిన సాధనమును హరించినది. నడవక వచ్చినవాడు తిరిగి నడవవలసిన స్థితికి వచ్చెను. మంచు సంగతి యెఱిగినవా డెవడో ఈ కథను మొదట కట్టియుండవలెను.

మఱియొక విశేషము. ప్రవరుడు ఇంటికి మఱలదలచినది మధ్యాహ్నవేళ. తక్కిన వింతలను ఱేపు చూచెదనులే యని యనుకొనును. నడిమింటి యెండకు కాగిన సూర్యకాంతశిలలమీద మంచు కరగి చినుకులై పడి చుఱ్ఱుమని మ్రోయుచు ఆ వేళను తెలుపుచుండెనట. సూర్యకాంతములు కవిసమయమే, వాదింపను. కాని మంచుకొండమీద మధ్యాహ్నమును చెవితో తెలిసికొనుట కవిసమయము కాదు. హిమానిపై పోవువారు తెల్లవాఱకమున్నే బయలుదేరుదురు. రాత్రి చలికి మంచు గట్టిపడియుండును, నెఱ్ఱెలను కప్పిన మంచువంతెనలు కాలు పట్టును, ఏఱులు సన్నగా నుండును. పొద్దెక్కినకొలది మంచు మెత్తబడి, నెఱ్ఱెలపై వంతెనలు జాఱి, ప్రొద్దున దాటిన వాగు మధ్యాహ్నమునకు దాటరాని దగును. ఆ వేళకు హిమాని నలుదిక్కుల నీటిచప్పుడుతో నిండును. పెద్దన హిమానిని చూచెనని నేననను. చూచినట్టి నిదర్శనము కావ్యమున లేదు. నెఱ్ఱె లేదు, రాళ్ళబూడిద లేదు, కాలు నొచ్చుట లేదు. ప్రవరునకు కాళ్ళకు లేపమున్నది గనుక మడమ నొవ్వదని కొందఱు సమర్థింతురేమో! అయినను మధ్యాహ్నమును, కరగుమంచును, లేపనాశమును ఒక్కచోట కూర్చుటచేత, తాను చూడని స్థలమునకు కవి సత్యమైన న్యాయమునే విధించెను. అటజని చూచిన సొగసులను వర్ణించు ప్రసిద్ధపద్యముకంటె ఈ కూర్పు నాకు గొప్పదిగా తోచును. ఆ పద్యము చెవికి హిమాలయము, ఇది కాలికి.

పాదలేపము నేటికిని దొరకుచున్నది. కేదారనాథమున కిపుడు హెలికాప్టరు మీద పోవుదురు. సుమారు 3,580 మీటర్ల యెత్తుననున్న ఆ క్షేత్రమునకు, గౌరీకుండమునుండి నడచువారికి 16 కిలోమీటర్లకు పైబడిన యెక్కుడు. హెలికాప్టరువారికి కొన్ని నిమిషములు. వృద్ధులకు, రోగులకు అది యుపకారమే, నేను నిందింపను. కాని దేహము పలుచని గాలికి అలవడుటకు వ్యవధి చాలక తలనొప్పి, వాంతి పట్టుట యొకటి, మబ్బు దిగినంతనే రాకపోకలు నిలిచి యాత్రికుడు ప్రవరునివలె దిక్కులు చూచుట యొకటి, ఆ లేపముతోడనే వచ్చును. ఆ క్షేత్రమునకు మీద చోరాబారీ హిమాని యున్నది. 2013 జూను నెలలో కుంభవృష్టి కురిసి, ఆ హిమాని యొడ్డున నిలిచిన చెఱువు కట్ట తెగి, కేదారనాథమును ముంచినది. వేలకొలది జనులు మృతినొందిరి. మన తెలుగు యాత్రికులును అచ్చట చిక్కుకొనిరి. ఆ దినములకు ముందు కేదారయాత్ర వ్రాసినవారిలో గుడికి మీదనున్న హిమానిని పేరెత్తినవారు అరుదు. దేవుని దర్శించితిమి, కొండ తెల్లగా నుండెను, అంతే. దగ్గఱగా నున్నదానిని దూరముగా వ్రాసిన యీ యలవాటును సాహిత్యదోషము మాత్రమేయని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు.

దగ్గఱకు పోవు మార్గములు నిర్మించుకొనుటలో ఐరోపావారు మనకంటె ముందు నడచిరి గనుక వారి యనుభవమును కొంత చూడవలసియున్నది. 1741లో విండుహాము, పోకాకు అను ఇంగ్లీషువా రిరువురు జెనీవానుండి షామొనీలోయకు పోయి, మోంటన్వేరు కొండ యెక్కి, మంచుమీదికి దిగిరి. పెనుగాలికి కల్లోలమైన సరస్సు ఒక్కసారిగా గడ్డకట్టినట్లున్నదని విండుహాము పోల్చెను. మేర్ ద గ్లాస్, అనగా మంచుసముద్రము, అను పేరు ఈ పోలికనుండి వచ్చినదే. చూడుడు: ఉపమ రూపకమైనది, రూపకము రూఢియైనది. అయితే ఆ పోలిక కదలికను చెప్పజాలదు. అల నిలిచిపోయినదనుటయే దాని భావము. అది నిలువలేదని, దినదినము సాగుచున్నదని 1842లో ఫోర్బ్సు అను స్కాట్లండు పండితుడు ఆ మంచుమీదనే గుఱుతులు నాటి కొలిచి చూపెను. సముద్రమన్నవానికంటె నదమన్న మన సమాసమే యథార్థమునకు దగ్గఱ.

ఈ కదలికమీద హాస్యముగా వ్రాసినవాడు అమెరికావాడగు మార్క్ ట్వేను. 1880లో వెలువడిన తన యాత్రాగ్రంథమున, గోర్నర్ హిమాని నడిమిభాగము అంచులకంటె వేగముగా పోవునని విని, నడుమ కూర్చుండి, సామానును అంచున వేయించి, అది తన్ను క్రిందియూరికి చేర్చునని కాచుకొని యుండెనట! లెక్క వేయగా ఐదునూఱేండ్లకు పైబడునని తేలినదట. ఇది వట్టి పరిహాసముగా తీసివేయరాదు. నడుమ వేగమెక్కువ యను మాట నిజము. తన తొందరను మంచు తొందరతో తూచుకొని చూచిన యాత్రికు డితడొక్కడే నాకు తోచుచున్నాడు. ప్రవరుడు క్షణములో పోయెను, ట్వేను పోకయే కూర్చుండెను. ఇరువురికిని హిమానియే బుద్ధి చెప్పినది.

1909 నాటికి మోంటన్వేరునకు పండ్లచక్రపు రైలు వేసిరి. వెనుక కాళ్ళతో ఎక్కిన కొండను ఇపుడు కూర్చుండి యెక్కవచ్చును. అచ్చట మంచులో ఏటేట క్రొత్తగా గుహ తొలిచి యాత్రికులను లోపలికి పంపుదురు. అభివ్యాపకాధికరణమునకు ఇంతకంటె ఉదాహరణము దొరకదు. మంచు కదలుచుండును గనుక పోయిన యేటి గుహ ఈ యేటికి పనికిరాదు. 1988లో రైలుగట్టునుండి మంచువఱకు తీగబండి వేసినపుడు దిగవలసిన మెట్లు కొలదియే. మంచు క్రుంగినకొలది మెట్లు చేర్చుచు పోయిరి. కాలక్రమమున అవి 500 దాటెను. దారిప్రక్కన ఏ సంవత్సరమున మంచు ఎంత యెత్తున నుండెనో పలకలు నాటియున్నవి. అచ్చట ఈ నూటయేబది యేండ్లలో మంచు నూఱు మీటర్లకు మించి పలుచబడినది. కావున ఆ మెట్లు దిగుటయే ఒక గ్రంథమును చదువుటగా నుండెను. గుహలో నిలిచి నీలపుగోడను తాకిన క్షణముకంటె, ఎగువన మంచు ఏ యేట నుండెనో తెలుపు పలకను చూచి, అటుపై మోకాళ్ళు నొచ్చునట్లు దిగిన ఆ యఱగంటయే హిమానిని దగ్గఱగా చూపునని నేను చెప్పుదును. మన గోముఖమును సగటున ఏటికి సుమారు 20 మీటర్లు వెనుకకు పోవుచున్నది. అచ్చటికి పోవువాడు తన తండ్రి పోయిన గోముఖమునకు పోవుటలేదు. అయినను మన యాత్రాగ్రంథములలో గోముఖము నిత్యము, శాశ్వతము. పుణ్యము శాశ్వతము కావచ్చును. స్థలము కాదు.

మహత్త్వమే హిమానీశబ్దమునకు నిమిత్తమైనపుడు, మహత్త్వము పోయినచో శబ్దమేమగును? ఇది వట్టి వ్యాకరణప్రశ్న కాదు. ఐస్లాండు దేశమున ఓక్ అను పర్వతముపైని హిమాని యొకటి యుండెను. ఆ దేశభాషలో యోకుల్ అనగా హిమాని గనుక దానికి ఓక్‌యోకుల్ అని పేరు. 2014లో ఓద్దుర్ సిగుర్ద్‌సన్ అను ఆ దేశపు శాస్త్రజ్ఞుడు, అది తన బరువుచేత కదలజాలనంత పలుచబడినదని, ఇక దానిని హిమానియనరాదని తేల్చెను. పేరున ఉత్తరపదము లోపించి ఓక్ మిగిలెను. 2019 ఆగస్టులో అచ్చట స్మారకఫలకము నాటిరి. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని పాణిని మొదటి యధ్యాయమున చెప్పెను. అట్టి సదుపాయము మంచునకు లేదు.

కావున మన నిఘంటువులలో హిమానీశబ్దమునకు ‘మంచుగుంపు’ అని వ్రాసి విడుచుట చాలదు. మహత్త్వమును, ఆ మహత్త్వముచేతనే కలుగు గమనమును అర్థమున చేర్చవలెను. హిమానీనదమునకు కర్మధారయవిగ్రహమును చూపవలెను. గఢవాలువారి బామక్ శబ్దమును, కుమావూవారి గల్ శబ్దమును ప్రక్కన నుంచినచో యాత్రికులకు దారి యడుగుటకును పనికివచ్చును. ఇక యాత్రాగ్రంథములను విమర్శింపబూనినవారు, గ్రంథకర్త ‘చూచితిని’ అన్నచోటనెల్ల అది వైషయికమో, ఔపశ్లేషికమో, అభివ్యాపకమో మొదట నిర్ణయించి, అటుపిమ్మట శైలిని గుఱించి మాటలాడుదురుగాక.